బఠానీ మొక్కల తర్వాత సికిల్ సెల్

వంశపారంపర్యం పాఠం అనగానే మన పిల్లలు బఠానీ మొక్కల గురించి చెబుతారు. పొడవు, పొట్టి, మూడుకు ఒకటి నిష్పత్తి. గళ్లు గీసి మార్కులు తెచ్చుకుంటారు. అదే లెక్క రాయగడ, కోరాపుట్, గడ్చిరోలి జిల్లాల్లో ఎన్నో కుటుంబాల రక్తంలో ఉంది. దాని పేరు సికిల్ సెల్.

మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. ఆదివాసుల్లో ఎక్కువే కానీ, వాళ్లకే పరిమితం కాదు. 2023 జూలై 1న కేంద్రం ప్రారంభించిన కార్యక్రమం 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్ష ఫలితం కార్డు మీద వస్తుంది. దాని అర్థం అమ్మానాన్నలకు ఇంటి భాషలో చెప్పగలిగేది చాలాచోట్ల బడికెళ్లే పిల్లలే.

ఎర్ర రక్తకణం మధ్యలో నొక్కిన గుండ్రటి బిళ్లలా ఉంటుంది. దాని నిండా హీమోగ్లోబిన్. అందులోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరితే, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా పేరుకుంటాయి. కణం కొడవలిలా వంగిపోతుంది. మామూలు కణం సుమారు 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులే. అందుకే రక్తహీనత. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడితే ఓర్చుకోలేని నొప్పి. తరచూ బడి ఎగ్గొడుతున్నాడని మనం కోప్పడే పిల్లవాడికి ఆ నొప్పే కారణం కావచ్చు.

ఈ జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండూ మారినవైతే జబ్బు. ఒక్కటే మారితే వాహకులు, వీరు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. ఇక్కడ మన తెలుగు మాట ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. మలేరియా పాఠంలో దోమనూ వాహకమే అన్నాం. దాంతో వాహకుల దగ్గర కూర్చుంటే జబ్బు అంటుకుంటుందని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు. ఇది అంటువ్యాధి కాదని ఆ మాట వాడిన రోజే చెప్పాలి.

రెండు నాణేలతో మిగతాది చెప్పేయొచ్చు. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఇద్దరూ వాహకులే అనుకుందాం. బొరుసు అంటే మారిన జన్యువు. రెండూ కలిపి 20 సార్లు ఎగరేసి, రెండూ బొరుసు పడినవి లెక్కపెట్టించండి. ఒక జట్టుకు 3 వస్తాయి, ఇంకో జట్టుకు 7. నాలుగింట ఒకటి అంటే ప్రతి కాన్పుకూ విడిగా ఉండే అవకాశం. ‘ఒకరికి వచ్చేసింది, ఇక ముగ్గురికి రాదు’ అనే ధీమాకు ఆధారం లేదు. ‘కోడలి వైపు నుంచే వచ్చింది’ అనే నింద కూడా ఇక్కడే వీగిపోతుంది. రెండో నాణెం కూడా బొరుసు పడందే ఆ బిడ్డకు ఈ జబ్బు రాదు కదా.

ఇంత కష్టం తెచ్చే జన్యువు తరాలుగా ఎందుకు మిగిలింది? జవాబు సూక్ష్మజీవుల పాఠంలో ఉంది. వాహకులకు ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల అలాంటివారు ఎక్కువగా బతికారు. జబ్బు ఉన్నవారికి మాత్రం మలేరియా మరింత ప్రమాదం. పైగా వాళ్ల ప్లీహం చిన్నతనంలోనే దెబ్బతింటుంది కాబట్టి న్యుమోనియా కలిగించే బ్యాక్టీరియాను ఎదుర్కోవడం కష్టం. టీకాలు తప్పనిసరి, జ్వరం వస్తే రేపటిదాకా ఆగకూడదు. నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు ఉంది, వైద్యుల సలహాతోనే వాడాలి. నీళ్లు బాగా తాగాలి, చలికి, అతి శ్రమకు దూరంగా ఉండాలి. ఆ పిల్లలకు తరగతిలో నీళ్ల సీసా పక్కనే పెట్టుకోనివ్వండి. ఆటల పీరియడ్‌లో అలసిపోతే కూర్చోనివ్వండి.

ఒక్క జాగ్రత్త. నాణేల ఆట ఆడించేటప్పుడు ఎవరి కార్డులో ఏముందో తరగతిలో అడగవద్దు. చెప్పాలనుకున్న పిల్లలు బడి విడిచాక వాళ్లే వచ్చి చెబుతారు.