వాకిళ్ళు కడిగే వృత్తి – ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఒక చిన్న స్వయం ఉపాధి

వాకిలి శుభ్రంగా ఉంచుకొనుట మన దేశంలో అన్ని ప్రాంతాల గృహిణులకూ నిత్యకృత్యం. తెలుగునాట తెల్లవారుజామున కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టుదురు. వంగభూమిలో పండుగనాడు ముంగిట ఆల్పన తీర్చుదురు. ముగ్గయినను, ఆల్పనయినను మొదట కావలసినది శుభ్రమైన నేల. మట్టివాకిళ్ళ స్థానంలో సిమెంటు వాకిళ్ళు, కారు నిలుపుటకు రాతిపలకలు పరచిన దారులు వచ్చిన తరువాత ఈ శుభ్రత కొంత కష్టమైనది. వానకాలంలో పట్టిన పాచి చీపురుకు లొంగదు. వాహనం నుండి కారిన నూనె మరక నీళ్ళు పోసినంత మాత్రాన పోదు. పాచిమీద కాలు జారి ఎముకలు విరుగగొట్టుకొన్న వృద్ధులు ప్రతి పేటలోను కనిపింతురు. ఈ అవసరం నుండియే ఒక చిన్న వృత్తికి అవకాశం ఏర్పడుచున్నది. అధిక ఒత్తిడితో నీటిని చిమ్మే యంత్రం సాయంతో వాకిళ్ళు, ప్రహరీలు, మెట్లు కడుగుటయే ఆ వృత్తి.

ఖరగ్‌పూర్ నేపథ్యం

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌ను లఘుభారతమని పిలుచుట పరిపాటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణానికి ప్రాణం పోసినది. వాల్తేరు నుండి కటకం వరకు గల తూర్పుతీరపు రైలు మార్గం 1902లో ఈ కంపెనీ అధీనంలోనికి వచ్చినది. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి అనేక తెలుగు కుటుంబాలు బ్రతుకుతెరువు కొరకు ఇక్కడకు చేరి, వర్క్‌షాపులోను, రైలు మార్గాల మీదను పనులలో కుదురుకొన్నవి. తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన వి. వి. గిరి 1920ల నాటికే ఈ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించిరి. 1951లో దేశంలోని మొట్టమొదటి ఐ.ఐ.టి. ఈ పట్టణపు హిజ్లీలో వెలసినది. తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించుటకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినది.

తండ్రి పనిచేసిన చోటనే కుమారునకు కొలువు దొరకునను నమ్మకం మాత్రం నేడు లేదు. రైల్వే నియామకాలు దేశవ్యాప్తమైన పోటీ పరీక్షల ద్వారా జరుగుచున్నవి. ఏళ్ళ తరబడి పరీక్షలకు చదువుచు, వయోపరిమితి దాటుటకు దగ్గరైన యువకుడు ప్రతి వీధిలోను ఉన్నాడు. అట్టివానికి స్వల్ప పెట్టుబడితో, స్వగ్రామం వంటి ఊరు విడువకుండ చేయదగిన పని ఏదియను ప్రశ్న కుటుంబాల భవిష్యత్తుకు సంబంధించినది. ఈ వ్యాసంలో వర్ణించు వృత్తి దానికి ఒక సమాధానం మాత్రమే. అది అందరకును సరిపడునని చెప్పుటకు వీలులేదు.

యంత్రం పనిచేయు తీరు

పది మీటర్ల ఎత్తున నున్న తొట్టి నుండి దిగు నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉండును. అనగా చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలోగ్రాము బరువు మోపినట్లు. ఇండ్లలో వాడు చిన్న యంత్రం 100 నుండి 130 బార్ల ఒత్తిడి కలిగించగలదు. తొట్టి ఎత్తుచేతనే 120 బార్లు సాధింపదలచినచో దానిని 1200 మీటర్ల ఎత్తున, మహేంద్రగిరి శిఖరానికి కొంత దిగువగా, కట్టవలసి వచ్చును. ఆ పనిని ఒక విద్యుత్ మోటారు, దానికి అమర్చిన పిస్టను పంపు చేయుచున్నవి. ఈ విధమైన వేడినీటి యంత్రాన్ని 1950లో జర్మనీ దేశస్థుడు ఆల్ఫ్రెడ్ కేర్షర్ రూపొందించెను.

నీటి ధార ఏ ఆకారంలో వెడలవలెనో గొట్టం చివరి నాజిల్ నిర్ణయించును. సాధారణంగా ఎరుపురంగు నాజిల్ నుండి సూది వంటి ధార, పసుపు నుండి 15 డిగ్రీలు, ఆకుపచ్చ నుండి 25 డిగ్రీలు, తెలుపు నుండి 40 డిగ్రీల విసనకర్ర వంటి ధార వచ్చును. నలుపు సబ్బు నీటికి ఉద్దేశింపబడినది. ధార ఎంత వెడల్పైన దాని తీవ్రత అంత తగ్గును. నాజిల్‌ను నేల నుండి దూరం జరిపినను అదే ఫలితం. కనుక పనిని తెల్ల నాజిల్‌తో, ఒక అడుగు దూరం నుండి ప్రారంభించి, అవసరమైననే దగ్గరకు పోవలెను.

నీటి పొదుపు ఈ యంత్రపు ముఖ్యగుణం. చిన్న యంత్రం నిమిషానికి సుమారు 7 లీటర్లు వాడునని అనుకొందము. 50 చదరపు మీటర్ల వాకిలికి రెండు గంటలు పట్టినచో ఖర్చగు నీరు 840 లీటర్లు. నిమిషానికి 20 లీటర్లు వదలు మామూలు గొట్టంతో అంతసేపు కడిగినచో 2400 లీటర్లు పట్టును. అంతచేసియు పాచి వదలదు. వేసవిలో నీటి ఎద్దడి గల ఊళ్ళలో ఈ భేదం సామాన్యమైనది కాదు. నీరు లేకుండ యంత్రాన్ని తిప్పినచో పంపు చెడును. ఇసుకతో కూడిన బావినీరు వాడినచో వడపోత జల్లెడ తప్పనిసరి.

నేలను ఎరిగి పని చేయవలెను

ఖరగ్‌పూర్ నేల లాటరైట్ అను ఎర్రరాతి నేల. ఈ రాతితో కట్టిన గోడలు, పరచిన దారులు మెత్తనివి. తీవ్రమైన ధార తగిలిన పొడి రాలును. ఇంటర్‌లాక్ పలకల మధ్య నింపిన ఇసుకను ధార ఎగురగొట్టినచో పలకలు కదలును. కడుగుట ముగిసి నేల ఆరిన పిదప తిరిగి ఇసుక నింపి ఇచ్చుట పనివాని బాధ్యత. పాతబడి బీటలు వారిన సిమెంటు నేలను ముందుగానే యజమానికి చూపి, అంగీకారం పొందవలెను. పని అయిన పిదప కలుగు వివాదాలు పలువురి పేరును పాడుచేయును.

పాచిని తొలగించుటకు బ్లీచింగ్ పొడి కలిపిన నీరు, నూనె మరకలకు క్షారగుణం గల సబ్బు, తుప్పు మరకలకు ఆక్జాలిక్ ఆమ్లం వాడుదురు. బ్లీచింగ్ పొడిని ఏ ఆమ్లంతోను కలుపరాదు. కలిపినచో వెలువడు క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు హానికరం. కడిగిన మురికినీరు చెరువులోనికి పోకుండ జాగ్రత్తపడవలెను. నూనె అధికంగా ఉన్నచో మొదట రంపపుపొట్టు చల్లి పీల్చుకొనిన పిదప ఊడ్చి, తరువాతనే నీరు వాడవలెను.

ప్రాణరక్షణ

ఈ ధార చర్మాన్ని చీల్చి లోపలికి దూరగలదు. పైకి చిన్న గాయంగా కనిపించినను లోపలి కణజాలం చెడు ప్రమాదమున్నది. కనుక ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను. ధారను మనుష్యుల మీదకు, జంతువుల మీదకు ఎన్నడును త్రిప్పరాదు. తడినేల మీద విద్యుత్ యంత్రం వాడునపుడు ఎర్తింగ్ సరిగా ఉండవలెను. విద్యుత్ లీకయిన వెంటనే సరఫరా నిలిపివేయు పరికరం అమర్చుకొనవలెను. రబ్బరు బూట్లు, కంటి అద్దాలు విలాసవస్తువులు కావు. పెట్రోలు యంత్రాన్ని మూసిన గదిలో నడిపినచో విషవాయువు వలన ప్రాణం పోవచ్చును.

ఇంకొక మాట. కడుగు యంత్రమున్నవానిని సెప్టిక్ ట్యాంకు కూడ శుభ్రం చేయుమని కోరువారుందురు. రక్షణ సాధనాలు లేకుండ మనిషిని అందులో దింపుట 2013 చట్టం ప్రకారం నేరం. ఎంత సొమ్ము చూపినను నిరాకరించుటయే కర్తవ్యం.

పెట్టుబడి, లెక్క

పెట్టుబడి కొరకు 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద హామీ లేకుండ రుణం పొందవచ్చును. శిశు విభాగంలో 50 వేల రూపాయల వరకు, కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు, తరుణ్ విభాగంలో 10 లక్షల వరకు ఇత్తురు. తరుణ్ రుణం తీర్చినవారికి 2024 నుండి 20 లక్షల వరకు అవకాశం కల్పింపబడినది. 2020 జూలై 1న అమలులోనికి వచ్చిన ఉద్యమ్ నమోదు ఉచితం. దీనికి రుసుము అడుగు దళారులను నమ్మరాదు. పురపాలక సంఘం నుండి ట్రేడ్ లైసెన్సు పొందవలెను. సేవలకు సంబంధించిన జి.ఎస్.టి. నమోదు వార్షిక రాబడి 20 లక్షలు దాటువరకు సాధారణంగా అవసరపడదు. రైల్వే క్వార్టర్లు, విద్యాసంస్థల ఆవరణలు ఆయా సంస్థల ఆస్తి కనుక, అక్కడ పనికి అధికారుల అనుమతి ఉండవలెను.

ఉదాహరణకు ఒక లెక్క వేసి చూతము. యంత్రానికి 20 వేలు, గొట్టాలు, నాజిళ్ళు, రక్షణ సామగ్రికి 6 వేలు, నీటి తొట్టి, తోపుడు బండికి 14 వేలు, చేతిలో నిలువకు 10 వేలు, వెరసి 50 వేలు. నూటికి 12 వడ్డీతో మూడేండ్లలో తీర్చునట్లు తీసికొన్నచో నెలకు సుమారు 1660 రూపాయల వాయిదా. నెలలో 12 దినాలు పని దొరకినచో దినానికి వాయిదా భాగం 138 రూపాయలు. సహాయకుని కూలి 500, సబ్బు, రవాణా ఖర్చు 150, మరమ్మతులకు 60, స్వంత కూలి 600 కలుపగా దినానికి 1448 రూపాయలు. ఆ దినం రెండు వాకిళ్ళు, అనగా 100 చదరపు మీటర్లు కడిగినచో చదరపు మీటరుకు 14 రూపాయల 48 పైసలు గిట్టుబాటు ధర. ఒక్క వాకిలియే దొరకినచో అది దాదాపు 29 రూపాయలగును.

ఈ అంకెలు ఊరును బట్టి మారును. లెక్క నేర్పు పాఠం మాత్రం మారదు. నష్టం తెచ్చునది తక్కువ ధర కన్న పనిలేని దినం. వానకాలం చివర, దుర్గాపూజకు ముందు వారాలలో పిలుపులు వరుసగా వచ్చును. చలికాలంలో అవి పలుచబడును. వాయిదా మాత్రం పన్నెండు నెలలును వచ్చును. కావున పూజల నాటి రాబడిలో కొంత భాగం బ్యాంకులో దాచుకొనుట, మిగిలిన నెలలలో స్కూటర్లు, కార్లు, సౌరఫలకాలు కడుగు పని చేపట్టుట వివేకం. సౌరఫలకాలకు అధిక ఒత్తిడి పనికిరాదు. మెత్తని బ్రష్షు, మామూలు నీటిధార చాలును. మొదటనే రుణం తీసికొనక, అద్దె యంత్రంతో ఒక రుతువు పనిచేసి చూచుట మరియు క్షేమం.

భాష కూడ పెట్టుబడియే

ఇటువంటి పట్టణంలో పనివాడు ఒక ఇంట బంగ్లా, ఒక ఇంట హిందీ, మరొక ఇంట తెలుగు లేక ఒడియా మాటలాడవలసి వచ్చును. మనము పాచి యనునది బెంగాలీవారికి శ్యావ్లా, హిందీవారికి కాయీ. మన వాకిలి వారికి ఉఠోన్, వీరికి ఆంగన్. చేయబోవు పని, దాని కొలత, ధర, మినహాయింపులు ఇంటివారి భాషలో ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చినవానిని ప్రజలు నమ్ముదురు. రైల్వే పేటలలో పెరిగిన తెలుగు యువకునకు ఈ మూడు నాలుగు భాషలు ఏ పాఠశాలయు నేర్పకయే వచ్చును. ఉద్యోగపరీక్షలో దానికి మార్కులు లేకపోవచ్చును గాని, వృత్తిలో అది యంత్రం కన్న విలువైన సామగ్రి.

వాకిళ్ళు కడుగుట చిన్న పని యను భావం కొందరిలో నున్నది. ఒక వృద్ధురాలు జారిపడకుండ తన గుమ్మం దాటగలిగినచో, ఒక యువకుడు అప్పు తీర్చి తన తమ్ముని చదివింపగలిగినచో, ఆ పని చిన్నదెట్లగును? కొలత సరిగా చూచి, నేల స్వభావమెరిగి, ప్రాణానికి ముప్పు లేకుండ చేసిన నాడు ఈ వృత్తి ఖరగ్‌పూర్‌లోనే గాక, మన శ్రీకాకుళం, విజయనగరం వంటి పట్టణాలలో కూడ పలువురకు జీవనాధారం కాగలదు.