స్కౌట్ సంచి: అపోహలు – వాస్తవాలు

పిల్లవాడు స్కౌట్లలోనో, అమ్మాయి గైడ్లలోనో చేరి తొలి క్యాంపుకు పేరిచ్చిందంటే ఇంట్లో ఖర్చు లెక్కలు మొదలవుతాయి. టెంటు కొనాలా, స్లీపింగ్ బ్యాగు కావాలా, బూట్ల మాటేమిటి? ఫోనులో కనిపించే సామాన్లు ఎక్కువగా మంచుకొండలు ఎక్కేవారి కోసం తయారైనవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లల అవసరం వేరు. ఇక్కడ పగటి ఎండ తీవ్రం, చలికాలపు రాత్రి మాత్రం, ముఖ్యంగా నల్లమల వైపు, వణికిస్తుంది. కాబట్టి ధరను, బ్రాండును పక్కనపెట్టి ఒక్కటే చూడాలి: ఆ వస్తువును పదేళ్ల పిల్ల తానే మోసి, చీకట్లో తానే వెతుక్కుని, తెల్లారాక తానే సర్దుకోగలదా?

ఎవరి టెంటు వారే తెచ్చుకోవాలన్నది పెద్ద అపోహ. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పిల్లలు ఆరు నుంచి ఎనిమిది మంది ఒక పెట్రోల్‌గా ఉంటారు. టెంటు, వంటగిన్నెలు, తాళ్ల వంటివి సాధారణంగా దళం ఉమ్మడి సామాను. 1907లో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో తొలి క్యాంపు పెట్టినప్పుడు కూడా కలిగిన ఇళ్ల పిల్లల్ని, కార్మికుల ఇళ్ల పిల్లల్ని కలిపే పెట్రోళ్లు చేశాడు. పాత సామాన్లతో పంపితే పిల్లవాడు నలుగురిలో చిన్నబోతాడేమోనన్న భయం తల్లిదండ్రులకు ఉంటుంది. అది తీసిపారేయాల్సిన భయం కాదు. కానీ ఒకే యూనిఫారం, ఒకే స్కార్ఫ్ ఉన్నది ఆ తేడా చెరపడానికే. పక్కవాడి దగ్గర లేని ఖరీదైన టెంటు ఆ తేడాను మళ్లీ తెచ్చిపెడుతుంది.

ఎన్ని వస్తువులుంటే అంత భద్రత అనుకోవడం ఇంకా నష్టం. బడిసంచి పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెబుతుంది. క్యాంపు సంచిని రోజూ మోయరు కాబట్టి కొంత ఎక్కువైనా ఫరవాలేదు గానీ, అయిదో వంతు దాటనివ్వకూడదు. ముప్పై కిలోల పిల్లకు అది ఆరు కిలోలు. లీటరు నీళ్లే ఒక కిలో. నీళ్లు తగ్గించే వీలు లేని ఎండలు మనవి, కాబట్టి తగ్గించాల్సింది మిగతా సామానే. నీళ్లు, పడక కాక స్టీలు పళ్లెం, గ్లాసు, రెండు జతల నూలు బట్టలు, ఒక పొడుగు చేతుల చొక్కా, టోపీ, తువ్వాలు, సబ్బు, టార్చిలైటు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రోజూ వాడే మందులుంటే అవి చాలు. చాకు అవసరమైతే స్కౌట్ మాస్టర్ దగ్గర ఉంటుంది.

పడక విషయంలో జరిగే పొరపాటు వేరు. చలి అనగానే పైన కప్పుకునేవి పెంచుతారు. కింద నేల ఒంటి వేడిని లాగేస్తుంటే పైన ఎన్ని కప్పినా వణుకు ఆగదు. అందుకే చాప, దాని మీద మడతపెట్టిన దుప్పటి, కప్పుకోవడానికి ఇంకొకటి ఉండాలి. పాలమూరు గొంగడి తడిసినా వెచ్చదనం పూర్తిగా పోనివ్వదు, కానీ బరువు. బండిలో వెళ్లే క్యాంపుకే దాన్ని పంపాలి. బూట్లూ అంతే. క్యాంపు కోసం కొత్తవి కొంటే తొలి నడకకే బొబ్బలు లేస్తాయి. కాలికి అలవాటైన, అడుగు అరగని బడి బూట్లే మేలు. తొడిగే ముందు వాటిని బోర్లించి దులపడం నేర్పండి, తేళ్లు దూరుతాయి.

చవకవి మధ్యలో పాడైతేనో అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే డబ్బు పెట్టాల్సినచోట పెట్టాలి: తెగని పట్టీల సంచి, కారని నీళ్ల సీసా, నమ్మకమైన టార్చి. అమ్రాబాద్ టైగర్ రిజర్వు వైపు వెళ్లే క్యాంపైతే పిల్లల భద్రత సామాన్లలో లేదు. అటవీశాఖ అనుమతి, వెంట ఉండే పెద్దలు, చీకటిపడ్డాక ఒంటరిగా కదలకూడదన్న కట్టుబాటు, ఇవే కాపాడతాయి. వాటి గురించి స్కౌట్ మాస్టర్‌ను ముందే అడగండి. బయలుదేరే ముందు రోజు సంచిని మాత్రం మీరు ముట్టుకోకండి. పిల్లలనే సర్దుకుని, భుజాన వేసుకుని, వీధి చివరిదాకా నడిచి రమ్మనండి. బరువనిపిస్తే ఏది తీసేయాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.