ఇల్లు వదిలి... ఇల్లిల్లూ తిరిగి

శాలిబండ, హుసేనీ ఆలం, సుల్తాన్‌షాహీ... హైదరాబాదు పాతబస్తీలో ఏ గల్లీలోనైనా సాయంత్రం నమాజు వేళల మధ్య కాసేపు నిలబడితే వాళ్లు ఎదురుపడతారు. నలుగురైదుగురు మగవాళ్లు. చూపులు నేల మీద, పెదవుల మీద దైవస్మరణ. ముందు నడిచేవాడు ఆ పేటవాడే. ఏ ఇంట్లో ఎవరుంటారో తెలిసినవాడు కాబట్టి అతను రహబర్. గడప దగ్గర మాట్లాడే బాధ్యత ఒక్కడిదే, అతను ముతకల్లిమ్. అందరికీ పెద్ద అమీర్. తలుపు తట్టి, ఇంట్లోకి చూపు పోకుండా పక్కకు తప్పుకుంటారు. ఎవరైనా బయటికొస్తే సలాం చెప్పి, రెండు మాటలు మాట్లాడి, మసీదుకు రమ్మని పిలిచి ముందుకు సాగుతారు. తబ్లీగీ జమాత్ వాళ్లు గష్త్ అని పిలిచే తిరుగుడు ఇది.

ఇదే పని భూగోళానికి అటువైపు మరో వేషంలో జరుగుతుంటుంది. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపట్టీ. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే నడుస్తారు. ఇరవై ఏళ్లయినా నిండని కుర్రాణ్ని ‘ఎల్డర్’ అంటారు, అమ్మాయిని ‘సిస్టర్’ అంటారు. వీళ్లు మోర్మన్ మిషనరీలు. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున ప్రస్తుతం 70 వేల మందికి పైగా ఇలా ఊళ్లు తిరుగుతున్నారు.

ఈ ఇద్దరి సిద్ధాంతాలకూ పొంతన లేదు. జమాత్ వాళ్లు పలకరించేది తోటి ముస్లింలనే. మోర్మన్లు ఎవరి తలుపైనా తడతారు. కానీ దేవుడి పని మీద ఇల్లు వదిలిన మనిషి రోజు ఎలా గడుస్తుందో చూస్తే ఆశ్చర్యపరిచే పోలికలున్నాయి. వెళ్లేది సొంత ఖర్చుతో, లేదా కుటుంబం కూడబెట్టిన డబ్బుతో. ఎక్కడికన్నది తాము ఎంచుకోరు. జమాత్‌కు దిశను, అంటే రుఖ్‌ను, జమాత్ కేంద్రమైన మర్కజ్‌లో పెద్దల మషూరా, అంటే సంప్రదింపు, ఖాయం చేస్తుంది. మోర్మన్ యువతకు పిలుపు సంఘం ప్రధాన కార్యాలయమున్న సాల్ట్‌లేక్ సిటీ నుంచి వస్తుంది. గడువు రెండింటికీ ఉంది. జమాత్‌లో మూడు రోజులు, నలభై రోజుల చిల్లా, నాలుగు నెలలు. మోర్మన్లలో అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర.

సమోవా నుంచి సొంతూరికి

హైదరాబాదులో మోర్మన్ల కథ తెల్లవాళ్లతో మొదలవలేదు. దక్షిణాదికి వాళ్లు రాకపోలేదు. 1853లో రిచర్డ్ బాలంటైన్ అనే మిషనరీ మద్రాసులో దిగాడు. పత్రిక కూడా నడిపాడు. ఫలితం పెద్దగా లేక మరుసటి ఏడాదే వెనుదిరిగాడు. ఆ తర్వాత తెలుగునేల మీద నూరేళ్లకు పైగా ఆ ఊసే లేదు.

ఆ ఊసు మళ్లీ తెచ్చింది హైదరాబాదు దంపతులే. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల్లో ఉండగా ఈ సంఘంలో చేరారు. మా ఊరికి మిషనరీలను పంపండని సంఘ పెద్దలను కోరారు. పెద్దలు ఆ పని వాళ్లకే అప్పగించారు. 1978 డిసెంబరులో ఆ దంపతులు కొద్దికాలం మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. ఆ రాకలో బాప్తిస్మం పొందినవారు 22 మంది, ఎక్కువగా బంధువర్గమే.

పరాయి దేశంలో దొరికిన నమ్మకాన్ని పుట్టింటి గడపలో వినిపించడం తేలిక కాదు. తెలియనివాడు తలుపు వేసుకుంటే మనసుకు పెద్దగా పట్టదు. మేనత్తో బావగారో ముఖం తిప్పుకుంటే మాత్రం జన్మంతా గుర్తుంటుంది. ఆ ఇరవై ఇద్దరూ విన్నది ఎప్పటినుంచో ఎరిగిన మనుషుల నోట. 1982లో సంఘం పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథంలోని ఎంపిక చేసిన భాగాలు తెలుగులో వచ్చాయి. 1993లో బెంగళూరు కేంద్రంగా భారతదేశానికి మిషన్ ఏర్పడింది. 2012 మేలో హైదరాబాదులో ‘స్టేక్’, అంటే స్థానిక సంఘాలన్నిటినీ కలిపే విభాగం, మొదలైంది. దేశంలో అలాంటిది అదే మొదటిది.

ఉదయం ఆరున్నర నుంచి

మిషనరీ జీవితం అనగానే వీధి ప్రసంగాలు, అద్భుతాలు ఊహకొస్తాయి. నిజానికి అందులో ఎక్కువ భాగం వంట, బట్టలుతకడం, భాషతో కుస్తీ. మోర్మన్ మిషనరీ మామూలుగా ఆరున్నరకు లేస్తాడు. వ్యాయామం, ప్రార్థన, ఒంటరిగా ఒక చదువు, జోడీతో కలిసి మరో చదువు. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. ఆ జోడీని తాను ఎంచుకోడు, మిషన్ అధ్యక్షుడు నియమిస్తాడు. స్నానాల గది దగ్గర తప్ప ఒకరి కంటికి ఒకరు దూరం కాకూడదన్నది నియమం. కొన్ని వారాలకో నెలలకో జోడీ మారుతుంది, ఊరు మారుతుంది. గురక పెట్టేవాడు, అలిగేవాడు, ఇంటి మీద బెంగపెట్టుకున్నవాడు... ఎవరైనా సరే, వాడితోనే తినాలి, వాడితోనే మోకరిల్లాలి. పొరుగువాణ్ని ప్రేమించమన్న వాక్యం వాళ్లకు అర్థమయ్యేది ఆ ఇరుకు గదిలోనే.

జమాత్‌లోనూ అంతే. మసీదులో ఒక మూల పరుపుచుట్టలు, మరో మూల స్టవ్వు, గిన్నెలు. ఈ పూట వంట ఎవరిది, గష్త్‌లో మాట్లాడేది ఎవరు, తాలీమ్‌లో, అంటే రోజువారీ పఠనంలో, చదివేది ఎవరు... రోజూ మషూరాలో తేలుతుంది. వంట, వడ్డనల వంతుకు వాళ్లు పెట్టుకున్న పేరు ఖిద్మత్. దుకాణంలో నలుగురితో పని చేయించే యజమాని ఇక్కడ ఉల్లిగడ్డలు తరుగుతాడు, ఆటో నడిపే మనిషి అమీర్ కావచ్చు. దస్తర్‌ఖాన్ మీద అందరూ ఒకే పళ్లెంలోంచి తింటారు. ఎందుకు వెళ్తున్నారని అడిగితే జమాత్ వాళ్ల నోట తరచూ వచ్చే జవాబు ‘ఇస్లాహ్’. ఎవరినో మార్చేందుకని చెప్పరు, తమను తాము దిద్దుకునేందుకని చెబుతారు. 1920లలో మేవాత్‌లో మౌలానా మహమ్మద్ ఇలియాస్ ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ మాట నిలిచే ఉంది.

చాయ్ వద్దంటే?

పరాయి ఊళ్లో నమ్మకానికి అసలు పరీక్ష తిండి దగ్గర. మోర్మన్లు టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టరు. అమెరికాలో అదేమంత పెద్ద విషయం కాదు. చార్మినార్ చుట్టుపక్కల అలా కాదు. ఇక్కడ మనిషి కూర్చోగానే చాయ్ వస్తుంది. బేరం కుదిరినా చాయే, కుదరకపోయినా చాయే. ఆ కప్పును వద్దనడమంటే ఇచ్చిన చేతిని వద్దన్నట్టు అనిపిస్తుంది. అందుకే ఈ నగరంలోని మోర్మన్ విశ్వాసికి మర్యాద చెడకుండా వద్దనడం రోజువారీ సాధన. ఉస్మానియా బిస్కెట్టు తీసుకుని, చాయ్‌కి చేతులు జోడించాలి.

పాతబస్తీ ఇలాంటి నిష్ఠను తేలిగ్గానే అర్థం చేసుకుంటుంది. రంజాన్ నెలంతా రోజా ఉండే ఇళ్లు, శ్రావణ శనివారాలు ఒంటిపూట తినే ఇళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. మోర్మన్లు కూడా నెలకోసారి, మామూలుగా మొదటి ఆదివారం, రెండు పూటలు తిండి మానేస్తారు. ఆ తిండికయ్యే డబ్బును పేదలకిస్తారు. ఈ లెక్క ఇఫ్తార్ పంచే చేతులకు వివరించనక్కర్లేదు.

నాటాల్ వెళ్లిన నెల్లూరు మనిషి

తెలుగువాళ్లకు మిషనరీలు రావడమే తెలుసు, మిషనరీలుగా వెళ్లడం తెలియదనుకుంటే పొరపాటు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా వేల మంది తెలుగు కూలీలు దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్లారు. వాళ్లకోసం 1903లో తెలుగు బాప్టిస్టులు తమలోంచే ఒకరిని పంపారు. ఆయన నెల్లూరు ప్రాంతానికి చెందిన జాన్ రంగయ్య. కుటుంబంతో సహా ఓడెక్కి, అదే ఏడాది కేర్స్‌నీ తేయాకు ఎస్టేటులో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించారు. 1915లో అక్కడే కన్నుమూశారు. ఊరికి దూరమైన కూలీకి తన భాషలో పలికే మనిషి దొరకడమే ఆయన చేసిన మొదటి సేవ.

వెళ్లినవాణ్ని ఆ ఊరు ఎంత మార్చగలదో చెప్పే సంస్థ ఒకటి హైదరాబాదులోనే ఉంది. ముస్లింల మధ్య క్రైస్తవ ప్రచారానికి మనుషులను తయారుచేయాలని 1930లో లాహోర్‌లో పెట్టిన హెన్రీ మార్టిన్ స్కూల్, ఊళ్లు మారి 1971లో హైదరాబాదు చేరింది. మతకలహాల గాయాలను దగ్గర నుంచి చూశాక దాని దారి మారింది. నేడు హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ పేరు మతాల మధ్య సయోధ్యకు గుర్తు. సుల్తాన్‌షాహీలో హిందూ, ముస్లిం కుటుంబాల కోసం చదువు, వృత్తి శిక్షణల పని చేపట్టింది.

అన్నీ ఆగిన మార్చి

2020 మార్చిలో రెండు ప్రయాణాలూ ఒక్కసారే ఆగిపోయాయి. మోర్మన్ సంఘం శిక్షణ కేంద్రాలను మూసి ఆన్‌లైన్‌కు మారింది, వేలాది మందిని స్వదేశాలకు రప్పించింది. జమాత్ వాళ్లకు అంత సులువుగా తీరలేదు. జమాత్‌గా కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియన్లకు కరోనా సోకిందన్న వార్త, ఆపై ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సమావేశానికి వెళ్లినవారిలో కేసులు బయటపడటం... చూస్తుండగానే ఒక రోగానికి ఒక మతం అంటగట్టారు. కేంద్రం జమాత్‌లో పాల్గొన్న 960 మంది విదేశీయుల వీసాలు రద్దు చేసి నల్లజాబితాలో పెట్టింది. ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని తప్పుబట్టింది. డిసెంబరులో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా తేల్చింది. అప్పటికి నెలల తరబడి వాళ్లు ఇళ్లకు దూరంగా నిర్బంధంలోనో, కోర్టుల చుట్టూనో గడిపారు. పాతబస్తీలో పరుపుచుట్టతో కనిపించిన ప్రతివాణ్నీ అనుమానంగా చూసిన రోజులవి. ఆ అన్యాయాన్ని మరిచిపోకూడదు.

ఇంట్లో మిగిలినవారు

వెళ్లినవారి గురించి ఎన్ని చెప్పుకున్నా, వదిలి వెళ్లిన ఇంటి గురించి చెప్పకపోతే కథ సగమే. చిల్లాకు వెళ్లిన మనిషి దుకాణాన్ని తమ్ముడో కొడుకో చూసుకోవాలి. పిల్లల ఫీజు, అత్తగారి మందులు భార్య నెత్తిన పడతాయి. మోర్మన్ మిషనరీలు 2019 ఫిబ్రవరి వరకూ ఇంటికి ఫోన్ చేసేది క్రిస్మస్‌కూ, మదర్స్ డేకూ మాత్రమే. ఆ నెల నుంచి వారానికోసారి మాట్లాడేందుకు అనుమతి వచ్చింది. మంచి మార్పు. పద్దెనిమిదేళ్ల బిడ్డ గొంతు వారానికోసారైనా వినడం ఏ తల్లికైనా కనీస హక్కు. ఆరోగ్యం బాగాలేకో, మనసు నిలవకో మధ్యలోనే తిరిగొచ్చినవాణ్ని తప్పు చేసినవాడిలా చూడటం కూడా సంఘాలు మానుకోవాలి.

తన మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. ఆ స్వేచ్ఛలో ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే తలుపు తట్టే స్వేచ్ఛ ఒకరిదైతే, తెరవాలో వద్దో తేల్చుకునే స్వేచ్ఛ లోపలివారిది. తట్టేవాళ్లు ఒక్క ‘వద్దు’తో ఆగిపోవాలి. మళ్లీ మళ్లీ రావడం, ఆశ పెట్టడం, భయపెట్టడం విశ్వాసం పేరుతో చేసినా తప్పే.

మరి లోపలివాళ్లు? ఈ ఆదివారం ఎవరైనా మీ తలుపు తట్టవచ్చు. పేరుపట్టీ పెట్టుకున్న కుర్రాడైనా, పరుపుచుట్ట మోసుకొచ్చిన పెద్దాయనైనా సరే, వద్దనాలనిపిస్తే వద్దనే చెప్పండి. చెప్పేముందు మాత్రం ఏ ఊరు బాబూ, అన్నం తిన్నారా అని అడగండి.