టెస్టోస్టెరాన్ తగ్గిందా? పొద్దున్నే పరీక్ష చేయించండి

డ్యూటీ దిగి ఇంటికొస్తూ సాయంత్రం ఆరింటికి ల్యాబ్‌లో రక్తం ఇస్తారు. రాత్రికల్లా ఫోన్‌కి రిపోర్టు వస్తుంది. టోటల్ టెస్టోస్టెరాన్ 270 అని, పక్కనే ‘తక్కువ’ అని ఉంటుంది. వయసు నలభై దాటింది, ఒంట్లో ఓపిక లేదు, బొజ్జ పెరిగింది. ఇంకేముంది, అన్నిటికీ కారణం దొరికిందనుకుని ఇంజెక్షన్ కోసం వెతకడం మొదలుపెడతారు. అక్కడే ఆగాలి. ఆ రిపోర్టును బట్టి ఇంకా ఏమీ తేలలేదు.

మగవాళ్ల హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ రోజంతా ఒకే స్థాయిలో ఉండదు. ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. కుర్రవాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువ. భోజనం చేసినా కాసేపు పడిపోతుంది. జ్వరం వచ్చి తగ్గిన వారంలో, ఆపరేషన్ అయిన కొత్తలో, సరిగ్గా నిద్రలేని రోజుల్లో కూడా తక్కువే చూపిస్తుంది. అందుకే పరగడుపున, ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య రక్తం ఇవ్వాలి. తక్కువ వస్తే మరో రోజు అదే వేళకు మళ్లీ పరీక్ష చేయించాలి. నైట్ షిఫ్టు చేసేవాళ్లు తాము ఎప్పుడు పడుకుంటారో డాక్టరుకు ముందే చెప్పాలి. అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తక్కువను లోపంగా లెక్కిస్తుంది. అదీ రెండుసార్లూ తక్కువ వచ్చి, లక్షణాలు కూడా ఉన్నప్పుడే.

షుగర్, ఊబకాయం ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. రక్తంలోని టెస్టోస్టెరాన్‌లో విడిగా తిరిగేది సుమారు 2 శాతమే, మిగతాదంతా ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. లావైన కొద్దీ ఆ ప్రోటీన్లలో ముఖ్యమైనదొకటి తగ్గుతుంది. దాంతో మొత్తం లెక్క తక్కువగా కనిపించినా, విడిగా తిరిగే భాగం సరిపడా ఉండొచ్చు. అలాంటప్పుడు ‘ఫ్రీ టెస్టోస్టెరాన్’ కూడా చూడాలి. బరువు తగ్గితే చాలామందిలో ఈ హార్మోన్ దానంతటదే పెరుగుతుంది.

నీరసం, చిరాకు, మతిమరుపు ఉన్నంత మాత్రాన ఈ లోపం ఉన్నట్టు కాదు. థైరాయిడ్, రక్తహీనత, దిగులు, గురకతో చెడిన నిద్ర, వీటిలో ఏది ఉన్నా అవి వస్తాయి. యూరప్‌లోని ఎనిమిది నగరాల్లో 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లను పరిశీలించిన అధ్యయనం 2010లో వెలువడింది. కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగ్గా లేకపోవడం, తెల్లవారుజామున సహజంగా వచ్చే స్తంభన తగ్గిపోవడం, ఈ మూడూ కలిసి ఉన్నప్పుడే హార్మోన్ లోపంతో గట్టి సంబంధం కనిపించింది. ఆ లెక్కన నిజంగా లోపం ఉన్నవాళ్లు 2 శాతం చిల్లరే. గోడల మీది ప్రకటనలు నమ్మించేంత మంది మాత్రం లేరు.

అలాగని ఇది కట్టుకథ కాదు. గవదబిళ్లలు వృషణాలకు పాకినవాళ్లకు, కీమోథెరపీ చేయించుకున్నవాళ్లకు, పుట్టుకతో అదనపు ఎక్స్ క్రోమోజోమ్ ఉన్నవాళ్లకు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వచ్చినవాళ్లకు నిజంగానే కొరత రావచ్చు. అలా వచ్చినవాళ్లకు చికిత్స అవసరం. లేకపోతే ఎముకలు గుల్లబారతాయి, రక్తహీనత వస్తుంది.

అవసరం లేని ఇంజెక్షన్ చేసే హాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పిట్యూటరీ పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు అందితేనే వృషణాలు టెస్టోస్టెరాన్‌నూ వీర్యకణాలనూ తయారుచేస్తాయి. రక్తంలో టెస్టోస్టెరాన్ చాలినంత ఉంటే పిట్యూటరీ వాటిని పంపడం తగ్గిస్తుంది, ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయినట్టు. బయటి నుంచి ఇంజెక్షన్‌తో నింపితే లోపలి మోటారు నడవదు. వీర్యకణాలు బాగా తగ్గిపోతాయి, కొందరిలో పూర్తిగా ఆగిపోతాయి. మందు మానేశాక మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైగా కూడా. పిల్లల కోసం ఎదురుచూస్తున్న మగవాడు ‘బలం’ కోసమని ఈ ఇంజెక్షన్ తీసుకోవడం కన్నా బాధాకరమైన విషయం లేదు. జిమ్‌లో ఇచ్చే స్టెరాయిడ్లతోనూ జరిగేది ఇదే.

గుండె సంగతికొస్తే, లోపం ఉండి గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న అయిదు వేల మందికి పైగా మగవాళ్లపై జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. టెస్టోస్టెరాన్ మందు వాడినవాళ్లలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కాస్త ఎక్కువగా కనిపించాయి. రక్తం చిక్కబడే ప్రమాదమూ ఉంది కాబట్టి, మందు మొదలుపెట్టినవాళ్లు రక్తం చిక్కదనం చూపే హెమటోక్రిట్, ప్రొస్టేట్ గ్రంథికి సంబంధించిన పీఎస్‌ఏ పరీక్షలు డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకోవాలి.

కోరిక, స్తంభన తగ్గడం గురించి పైన చెప్పిన మూడు లక్షణాలు నెలల తరబడి ఉన్నా, గడ్డం, ఒంటి మీది వెంట్రుకలు పలచబడుతున్నా, రొమ్ములు పెరుగుతున్నా, చిన్న దెబ్బకే ఎముక విరిగినా ఎండోక్రినాలజిస్ట్‌నో యూరాలజిస్ట్‌నో కలవండి. తలనొప్పితో పాటు చూపు పక్కలకు ఆనకపోతే ఆలస్యం చేయకండి. అంగస్తంభన సమస్య ఒక్కటే ఉన్నా ఊరుకోకండి, గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నాయనడానికి అది తొలి హెచ్చరిక కావచ్చు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, వీలైతే భార్యాభర్తలు కలిసే వెళ్లండి. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట డాక్టరుకు మొట్టమొదటే చెప్పండి. వీర్యకణాలు తగ్గకుండా చేసే చికిత్సలు వేరే ఉన్నాయి.