జత రాణులున్నా... ఆ కాల్ తప్పే!

నా చేతిలో రెండు రాణులు. ఎదురుగా కూర్చున్నతను తన చిప్స్ మొత్తం ముందుకు తోసి ‘ఆల్-ఇన్’ అన్నాడు. నేను పది సెకన్లు కూడా ఆలోచించలేదు. ‘కాల్’ అనేశాను. అతను ముక్కలు తిప్పాడు. ఆసు, రాజు. హమ్మయ్య, నాదే పైచేయి అనుకున్నా.

నిజంగానే నాదే పైచేయి. ఆ రెండు చేతులూ తలపడితే నూటికి 57 సార్లు రాణులే గెలుస్తాయి. అయినా ఆ కాల్ తప్పు. ఓడిపోయాను కాబట్టి ఈ మాట అనట్లేదు. గెలిచి ఉన్నా తప్పే. అదెందుకో అర్థం కావడానికి నాకు ఓ రాత్రంతా పట్టింది.

రెండేళ్ల కిందటి మాట. నలుగురు రూమ్మేట్లం హైదరాబాద్ నుంచి గోవా వెళ్లాం. అక్కడో క్యాసినోలో పది మంది ఆడే చిన్న పోకర్ టోర్నీ ఉంది. ఎంట్రీ 11,000. అందులో 10,000 ప్రైజ్ మనీకి, 1,000 క్యాసినోకి. మొదటి ముగ్గురికి 50 వేలు, 30 వేలు, 20 వేలు. నాలుగోవాడికి సున్నా.

తలా 2,750 వేసుకున్నాం. “బీటెక్‌లో ప్రాబబిలిటీ అర్థమైంది నీకొక్కడికే కదా మామా” అంటూ నన్ను కూర్చోబెట్టారు. మాలో ఒకడికి అంతకు నెల ముందే ఉద్యోగం పోయింది. నువ్వు వెయ్యొద్దురా అన్నాం. “నన్ను వదిలేసి ఆడతార్రా?” అంటూ వాడూ ఫోన్ తీసి డబ్బు పంపేశాడు.

మూడు గంటల తర్వాత టేబుల్ దగ్గర నలుగురం మిగిలాం. ఇంకొక్కరు బయటికెళ్తే మిగతా ముగ్గురికీ డబ్బు ఖాయం. ఈ దశనే పోకర్‌లో ‘బబుల్’ అంటారు. ఆల్-ఇన్ అన్నతని దగ్గర 40,000 చిప్స్, నా దగ్గర 30,000, మూడో ఆటగాడి దగ్గర 25,000. నాలుగో ఆయన అరవై దాటిన పెద్దాయన. ఆయన దగ్గర మిగిలింది 5,000. ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టాల్సిన బ్లైండ్లు 1,000, 2,000. అంటే ఆయన ఏమీ ఆడకుండా కూర్చున్నా రెండు రౌండ్లు తిరిగేలోపే చిప్స్ కరిగిపోతాయి.

నేను చేయాల్సింది ఒక్కటే. ఆగడం. అదే చేయలేదు.

బోర్డు మీద రాజు పడింది. నేను నాలుగో స్థానంలో లేచొచ్చాను. పెద్దాయన మూడో స్థానంతో 20 వేలు తీసుకున్నారు.

చిప్స్ రెట్టింపైతే విలువ రెట్టింపవుతుందా?

ఆ రాత్రి హోటల్ రూమ్‌లో నిద్ర పట్టక ల్యాప్‌టాప్ తెరిచా. పైథాన్‌లో పాతిక లైన్ల కోడ్ రాశా. దాని వెనకున్న లెక్క పేరు ‘ఇండిపెండెంట్ చిప్ మోడల్’. పోకర్ వాళ్లు ఐసీఎం అంటారు. దీని మూలం గుర్రప్పందాల్లో ఉంది. ఏ గుర్రం రెండో స్థానంలో, ఏది మూడో స్థానంలో వస్తుందో అంచనా వేసే పద్ధతిని డేవిడ్ హార్‌విల్ 1973లో రాశాడు. మేసన్ మాల్‌మత్ 1987లో అలాంటి లెక్కనే పోకర్‌కి తెచ్చాడు.

లెక్క సింపుల్. మీ దగ్గర మొత్తం చిప్స్‌లో 30 శాతం ఉంటే, మొదటి స్థానం వచ్చే ఛాన్స్ 30 శాతం. ఆ స్థానం వేరేవాళ్లకి వచ్చిందనుకుని, వాళ్లని పక్కన పెట్టి, మిగిలినవాళ్ల మధ్య రెండో స్థానానికి మళ్లీ ఇదే లెక్క. మూడోదానికీ అంతే. ఒక్కో స్థానం ఛాన్స్‌ని దాని ప్రైజ్‌తో గుణించి కలిపితే, మీ చిప్స్ ఇప్పుడు ఎన్ని రూపాయలకు సమానమో తెలుస్తుంది.

బ్లైండ్లను లెక్కలోంచి తీసేసి చూస్తే నాకొచ్చిన అంకెలివి. రాణులను పారేసి ఊరుకుంటే నా 30,000 చిప్స్ విలువ దాదాపు 30,465 రూపాయలు. కాల్ చేసి గెలిస్తే చిప్స్ 60,000 అవుతాయి. వాటి విలువ 60 వేలు కాదు. దాదాపు 40,740 మాత్రమే. కాల్ చేసి ఓడితే సున్నా.

ఒకసారి ఆలోచించండి. పది వేల లాభం కోసం ముప్పై వేలు ఒడ్డాను! అలాంటి కాల్ గిట్టుబాటవ్వాలంటే నూటికి 75 సార్లు గెలవాలి. నా ఛాన్స్ 57. అతని ముక్కలు ముందే చూపించినా నేను ఫోల్డ్ చేయాల్సిందే. ఆ ఒక్క ‘కాల్’ అనే మాటకి మేం కట్టిన ధర సగటున 7,200 రూపాయలు.

ఎందుకిలా? మొదటి స్థానానికి ఇచ్చేది 50 వేలే. చిప్స్ అన్నీ నా ముందే పోగుపడినా అంతకు మించి రాదు. అందుకే గెలిచే చిప్ కన్నా పోగొట్టుకునే చిప్ ఖరీదు ఎక్కువ. బబుల్ దగ్గర ఈ తేడా బాగా పెరుగుతుంది.

తోసేవాడికి రెండు దారులు

మరి ఎదుటివాడు ఆసు, రాజుతో ఆల్-ఇన్ ఎలా అన్నాడు? అతను గెలవడానికి రెండు దారులున్నాయి. మేమంతా భయపడి ఫోల్డ్ చేస్తే గొడవే లేదు. ఎవరైనా కాల్ చేస్తే ముక్కల మీద గెలవొచ్చు. పైగా ఓడినా అతనికి 10,000 చిప్స్ మిగులుతాయి. నాకున్నది ఒక్కటే దారి, ముక్కలు గెలవడం. డేవిడ్ స్క్లాన్‌స్కీ దీన్నే ‘గ్యాప్ కాన్సెప్ట్’ అన్నాడు. ముందుగా బెట్ వేయడానికి ఉండాల్సిన చేతికన్నా, వేరేవాడి బెట్‌ని ఎదుర్కోవడానికి ఇంకా మంచి చెయ్యి కావాలన్నమాట.

అలాగని బబుల్‌లో అన్నీ పారేయమని కాదు. ఎదుటివాడు ఏ ముక్కలతోనైనా తోసే రకమైతే రాణులు నూటికి 80 సార్లు గెలుస్తాయి. అప్పుడు కాల్ కరెక్టే. కానీ ఆ రోజు అతను అరగంట నుంచి ఒక్క చెయ్యీ ఆడలేదు. అలాంటివాడు తోశాడంటే పెద్ద జతలో, ఆసుతో పెద్ద ముక్కో ఉంటుంది. వాటి మీద నా రాణుల ఛాన్స్ 55 దరిదాపుల్లోనే. కాల్ అనే ముందు ఈ మూడూ చూసుకోవాలి: అతను వేటితో తోస్తాడు, ఓడితే నాకు ఏమైనా మిగులుతుందా, నాకన్నా ముందు పోయేవాళ్లున్నారా? నేను చూసింది నా రాణుల్ని మాత్రమే.

లాస్ వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లోనూ ఇదే టెన్షన్. ఎంట్రీ 10,000 డాలర్లు. 2023లో 10,043 ఎంట్రీలు వచ్చాయి. బబుల్ దగ్గరపడితే అక్కడ అన్ని టేబుళ్ల మీదా ఒక్కో చెయ్యి ఒకేసారి ఆడిస్తారు. లేకపోతే పక్క టేబుల్‌లో ఎవరో పోయేదాకా టైమ్ లాగుతూ కూర్చుంటారు మరి!

చింతపిక్కల టోర్నీ

ఈ లెక్క తెలిస్తే పోకర్‌తో సంపాదించొచ్చు అనుకోకండి. ఎంట్రీలో క్యాసినో వాటా ఎప్పుడూ పోతూనే ఉంటుంది. ఒక్క రాత్రిలో లెక్కకన్నా అదృష్టమే ఎక్కువ కనిపిస్తుంది. డబ్బుతో ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో దేశమంతా అదే పరిస్థితి.

తిరుగు ప్రయాణంలో ఉద్యోగం పోయినవాడు నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. బెళగావి దాటాక, “నేనైనా కాల్ చేసేవాణ్నే మామా, వదిలెయ్” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఫ్లాట్‌లోనే ఆడుకుంటున్నాం. చిప్స్ బదులు చింతపిక్కలు. మొదట ఓడినవాడు ఆ వారమంతా గిన్నెలు తోమాలి. వాడికి మళ్లీ ఉద్యోగం వచ్చింది. మొన్న శనివారం నేను ఆల్-ఇన్ అన్నా. వాడు రెండు నిమిషాలు ఆలోచించి, జత జాకీలు నాకు చూపించి మరీ పారేశాడు.

“నీ దగ్గరేముందో అడగనులే” అన్నాడు. “ఏదున్నా గిన్నెలు మాత్రం నేను తోమను.”