ప్రధాన సంఖ్యలు : ప్రమాణ విచారము

పెద్దలు చెప్పిరి గనుక నిజమై యుండునని తలయూపుట సర్వదేశములందును గల యలవాటు. గణితశాస్త్రమునందు సయితము ఈ యలవాటు ఒక పొరపాటును రెండువందల యేండ్లకు పైగా కాపాడినది. ఆ వృత్తాంతము మన పాఠకులు తెలిసికొనదగినదని మేము తలంచుచున్నాము.

23 కుంచముల ధాన్యమును, ఏ కుంచమును రెండుగా పంచక, సమానమగు కుప్పలుగా పోయజూచినచో, ఒకే కుప్పగానో 23 కుప్పలుగానో తప్ప పోయుట సాధ్యము కాదు. ఇట్లు విభజనమునకు లొంగని సంఖ్యయే ప్రధాన సంఖ్య. చిన్న సంఖ్యలను పరీక్షించుట సులభము. పెద్దవాని విషయముననే చిక్కు.

కొన్ని రెండ్లను వరుసగా గుణించి, లబ్ధమునుండి ఒకటి తీసివేసినచో ఒక్కొక్కప్పుడు ప్రధాన సంఖ్య వచ్చును. మూడు రెండ్లకు 7, ఐదు రెండ్లకు 31 ఇట్లు వచ్చినవే. 257 రెండ్ల వరకు ఇట్టివి ఏవేవో తెలుపు పట్టికను ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మెర్సెన్ 1644లో ప్రకటించెను. ఆయన పాండిత్యము లోకవిదితము. ఉపపత్తి మాత్రము చూపలేదు.

1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా ఆ పట్టికను శోధించి, 127 రెండ్లవలన వచ్చు 39 అంకెల సంఖ్య ప్రధానమేయనియు, 67 రెండ్లవలన వచ్చునది కాదనియు తేల్చెను. పట్టికలో లేని 61 రెండ్ల సంఖ్య ప్రధానమని 1883లో చూపినవాడు రష్యాలోని ఒక గ్రామ చర్చి అర్చకుడు, పెర్వూషిన్. 1903లో అమెరికా పండితుడు కోల్, 67 రెండ్ల సంఖ్య 19,37,07,721ని 7,61,83,82,57,287చే గుణింప వచ్చునదే యని ప్రదర్శించెను. తుదకు పట్టికలో ఐదు తప్పులు తేలినవి.

లూకా కనిపెట్టి, 1930లో లేమర్ సుగమము చేసిన పరీక్షను 31పై చూడుడు. 4ను వర్గించి 2 తీసిన 14. మరల అట్లే చేసిన 194. దానిని 31చే భాగింప శేషము 8. దానిని వర్గించి 2 తీసిన 62. ఇది 31చే నిశ్శేషముగా భాగింపబడును. కావున 31 ప్రధానము. ఐదు రెండ్లకు మూడు మెట్లు. 127 రెండ్లకు 125 మెట్లు. 2024లో కనుగొనబడిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యకును ఈ పరీక్షయే సాక్షి.

ఈ మార్గము ఆ రూపపు సంఖ్యలకే చెల్లును. ఏ సంఖ్యనైనను, అంకెలు పెరిగిన కొలది శ్రమ మితిమీరకుండ, నిస్సంశయముగా నిర్ణయించు పద్ధతిని 2002లో లోకమున కిచ్చినవారు కాన్పూరు ఐ.ఐ.టి.లోని మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలు. వారిలో కడపటి యిద్దరు అప్పుడే పట్టము పుచ్చుకొన్న యువకులు. ఉపపత్తి నిర్దుష్టమగుటచే లోకము వారి వయస్సును, దేశమును అడుగలేదు.

ఆప్తవాక్యము ప్రమాణమే యని మన తార్కికులు చెప్పిరి. కాని ఆప్తత్వమును పరీక్షింపక అంగీకరింపుమని చెప్పలేదు. మెర్సెన్ పేరు పెద్దదైనను 67 రెండ్ల సంఖ్య ఆయనకు లొంగలేదు. అధికారులును నాయకులును అంకెలు చూపి మాటలాడునపుడు, లెక్క చూపుడని అడుగుట అవినయము కాదు. అది ప్రజల ధర్మమని మా విశ్వాసము.