ప్రాక్టీసు మధ్య పావుగంట

సాయంత్రం నాలుగు. బేగంబజార్ గల్లీల్లో ఠేలాలు, ఆటోలు, బస్తాలు మోసే హమాలీల మధ్య నుంచి బయటపడటమే ఓ జిమ్నాస్టిక్స్! డ్రైఫ్రూట్స్ దుకాణాల ముందు ఖర్జూరం పెట్టెలు, కిస్‌మిస్, బాదం, పుట్నాల బస్తాలు. స్కూలు యూనిఫాంలోనే ఉన్న కూతుర్ని స్కూటీ మీద కూర్చోబెట్టుకుని ఓ అమ్మ పావుకిలో బాదం కట్టించుకుందనుకోండి. అక్కణ్నుంచి మోజంజాహీ మార్కెట్, అబిడ్స్ దాటితే లాల్‌బహదూర్ స్టేడియం. రెండు, మూడు కిలోమీటర్లే. పాపకు నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా జిమ్నాస్టిక్స్ ప్రాక్టీసు.

ఇప్పుడో చిన్న లెక్క. స్కూల్లో లంచ్ ఒంటిగంటకు. ప్రాక్టీసయ్యాక ఇంటికెళ్లి కంచం ముందు కూర్చునేసరికి ఎనిమిదిన్నర. మధ్యలో ఏడున్నర గంటలు. అందులో మూడు గంటలు పరుగులు, పల్టీలు, రెండు చేతుల మీద ఒళ్లంతా మోయడం. ఇంతసేపట్లో ఆ పాప ఏం తింది? అడిగి చూడండి. ‘‘ఇప్పుడు తింటే కడుపుల తిప్పుతది సార్, ఇంటికి పోయినంక తింటది’’... జవాబు ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

మీరు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నారు, ఉద్యోగం వెతుక్కుంటున్నారు. చిన్నపిల్లల చిరుతిళ్ల గొడవ మనకెందుకనిపించొచ్చు. పెద్ద అకాడమీల సంగతి వేరు గానీ, మామూలు కోచింగ్ హాల్లో పోషకాహార నిపుణులు ఉండటం అరుదు. కోచ్ చూపంతా పిల్లలు కింద పడకుండా పట్టుకోవడం మీదే. అమ్మానాన్నలు గేటు బయట. మధ్యలో వచ్చే ఆ పావుగంట విరామం ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది. నిజానికి అది చదువుకుని చేయాల్సిన పని.

పది సెంటీమీటర్ల దారి

ఈ ఆటకు హైదరాబాద్‌లో పేరు తెచ్చినవారు బుడ్డా అరుణా రెడ్డి. మొదట కరాటే నేర్చుకుంటున్న ఆమెను తండ్రి నారాయణ రెడ్డి జిమ్నాస్టిక్స్ వైపు మళ్లించారు. ఎల్బీ స్టేడియంలోనే శిక్షణ మొదలైంది. 2010లో తండ్రి చనిపోయినా ఆట ఆపలేదు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచకప్ వాల్ట్‌లో 13.649 స్కోరుతో కాంస్యం గెలిచారు. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయురాలు ఆమే. అప్పటికి వయసు 22.

అమ్మాయిల ఈవెంట్లు నాలుగు. వాటిలో బీమ్ చూడండి. పొడవు 5 మీటర్లు, ఎత్తు 125 సెంటీమీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు. మన అరచేయి వెడల్పుకు కాస్త ఎక్కువ. దాని మీద వెనక్కి పల్టీ కొట్టి అక్కడే నిలబడాలి. ఆకలితో ఉన్నప్పుడు మనకు లెక్కల్లో తప్పులు దొర్లుతాయి. జిమ్నాస్ట్‌కు అడుగు తప్పుతుంది. రెండో గంట దాటాక కాళ్లు బరువెక్కడం, చెప్పింది చెవికెక్కకపోవడం, ఊరికే ఏడుపు రావడం... వీటికి బద్ధకమని పేరు పెట్టే ముందు డబ్బాలో ఏముందో చూడాలి.

ఒకరోజు సరిగా తినకపోతే కొంపలేం మునగవు. రోజూ అదే జరిగితేనే అసలు ప్రమాదం. తిన్న తిండిలోంచి ప్రాక్టీసుకు ఖర్చయింది తీసేస్తే మిగిలేదానితోనే పిల్లలు ఎదగాలి, ఎముక గట్టిపడాలి, హార్మోన్లు పనిచేయాలి. ఆ మిగులు చాలకపోతే ఒళ్లు ఒక్కో పనీ వాయిదా వేసుకుంటూ పోతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ స్థితికి ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టారు. 2023లో ఆ పత్రాన్ని సవరించారు కూడా. పదిహేనేళ్లు నిండినా రజస్వల కాకపోవడం, మొదలైన నెలసరి మూడు నెలలపాటు ఆగిపోవడం, ఎముకల్లో సన్నని పగుళ్లు, తరచూ జలుబు, జ్వరం... ఇవి కనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. జిమ్నాస్టులన్నాక ఇవి మామూలేలే అని సర్దుకుపోవడం మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఉంది. మగపిల్లలకూ ఈ ముప్పు తప్పదు. నెలసరి లాంటి గుర్తు లేదు కాబట్టి వాళ్లలో ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

అమెరికా జిమ్నాస్ట్ క్రిస్టీ హెన్రిచ్ కథ ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు తెలుసుకోవాలి. 1988 ఒలింపిక్స్ జట్టులో చోటు 0.118 పాయింట్ల తేడాతో చేజారింది. ఓ జడ్జి ఆమెతో లావుగా ఉన్నావన్నారు. ఆ మాట మనసులో నాటుకుపోయింది. తిండి మానేసే జబ్బు పట్టుకుంది. 1994 జులై 26న అవయవాలు పనిచేయక చనిపోయింది. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. హాల్లో పెద్దవాళ్లు ఆడే ఒక్కో మాట పిల్లల కంచం దాకా వెళ్తుంది. అందుకే విరామం బాధ్యత తీసుకున్నవాళ్లు ఎవరి ఒంటి గురించీ వ్యాఖ్యానించకూడదు. పొగడ్తగా కూడా!

బాదం మంచిదే, కానీ...

మళ్లీ బేగంబజార్‌కు వద్దాం. మన ఇళ్లలో బలమంటే బాదం. నిజమే, మంచి ఆహారమే. కానీ బాదం బరువులో దాదాపు సగం కొవ్వే. అరగడానికి టైం పడుతుంది. ఆరు గంటలకు గుప్పెడు తిని ఆరుంపావుకు బార్ మీద తలకిందులుగా వేలాడే పిల్లకు ఆ శక్తి వెంటనే అందదు. పైగా కడుపులో బరువు. అదే దుకాణంలో పక్కనే ఉన్న ఖర్జూరం చూడండి. బరువులో దాదాపు మూడింట రెండొంతులు చక్కెరే. కిస్‌మిస్ కూడా అంతే. విరామంలో కావాల్సింది ఈ త్వరగా అందే శక్తి. ఓ మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఒక పండు లేదా మూడు నాలుగు ఖర్జూరాలు లేదా కాసిని మరమరాలు, బెల్లం ముక్క... పదేళ్ల పాపకు ఆ పావుగంటలో చాలు.

మరి ప్రొటీన్? దానికి వేళ వేరు. పుట్నాల్లో వంద గ్రాములకు 20 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. వాటిని స్కూలు వదలగానే, ప్రాక్టీసుకు గంట ముందు పెట్టొచ్చు. బాదం, గుడ్డు, పాలు, పప్పన్నం ప్రాక్టీసయ్యాక. పల్లి పట్టి అటూ ఇటూ కాని సరుకు. బెల్లం తొందరగా పనిచేస్తుంది, పల్లీలు నెమ్మదిగా. చిన్న ముక్కయితే ఫర్వాలేదు. మిర్చి బజ్జీ మాత్రం ఆదివారానికి ఉంచుకుందాం.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరుకుతుంది. హాల్లో నిలబడితేనే తెలిసేవి కొన్ని ఉన్నాయి. పిల్లల చేతుల నిండా చాక్ పొడి ఉంటుంది. పట్టు జారకుండా రాసుకునే మెగ్నీషియం కార్బొనేట్ అది. తినే ముందు చేతులు కడగాలి. ఖర్జూరం, బెల్లం వేళ్లకు అంటుకుంటాయి. తిన్నాక మళ్లీ కడిగి, తడి పూర్తిగా తుడుచుకోవాలి. జిగట చేత్తో బార్ పట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? తినేది మ్యాట్లకు దూరంగా. నోట్లో ఏదైనా ఉండగా ఒక్కరు కూడా లేవకూడదు. పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలు ఎవరో ముందే అడిగి రాసి పెట్టుకోవాలి. నిజానికి పావుగంటలో సగం ఈ పనులకే పోతుంది. అందుకే డబ్బా మూత సులువుగా తెరుచుకోవడం కూడా ముఖ్యమే, నవ్వకండి.

తాగే విషయంలో మంచినీళ్లే మొదటి మాట. చాలామంది పెద్దలు బలానికని సంచిలో పెట్టే టెట్రా ప్యాకెట్ల కథ హైదరాబాద్‌వాళ్లకు తెలిసే ఉంటుంది. పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ స్పందించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని తీపి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. అదీ విరేచనాలకు మందు, రోజూ ప్రాక్టీసులో తాగే డ్రింకు కాదు. ఎండాకాలంలో చెమట బాగా పట్టే హాలైతే ఇంట్లో కలిపిన ఉప్పు, నిమ్మకాయ నీళ్లు సరిపోతాయి.

పౌడర్ల డబ్బాలతో మరీ జాగ్రత్త. రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో 0.150 పాయింట్ల తేడాతో కాంస్యం కోల్పోయి నాలుగో స్థానంలో నిలిచిన దీపా కర్మాకర్‌పై హైజనమిన్ అనే పదార్థం వల్ల 21 నెలల నిషేధం పడింది. అది తన ఒంట్లోకి ఎలా చేరిందో తెలియదని ఆమె చెప్పారు. కొన్ని సప్లిమెంట్లలో ఉండే పదార్థమే అది. తిరిగొచ్చి 2024లో తాష్కెంట్‌లో ఆసియా చాంపియన్‌షిప్ వాల్ట్ స్వర్ణం గెలిచారనుకోండి. కానీ పోయిన 21 నెలలు తిరిగి రావు కదా.

చదువు, పని

ఇక మీ దారి. బైపీసీ చదివి న్యూట్రిషన్, హోంసైన్స్ వైపు వచ్చినవారికి ఇది సహజమైన మలుపు. సైఫాబాద్‌లో వ్యవసాయ వర్సిటీ వారి కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉంది. పీజీకి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే మన ఎన్ఐఎన్. 1918లో కూనూర్‌లో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ ఇది. ప్రవేశ పరీక్ష ద్వారా ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్, ఎమ్మెస్సీ స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో చేర్చుకుంటుంది. అర్హతలు, తేదీలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, వాట్సప్ ఫార్వర్డుల్లో కాదు. మీరే ఆటగాళ్లయితే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమా ఇస్తుంది. అందులో జిమ్నాస్టిక్స్ కూడా ఉంది.

నెల రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ న్యూట్రిషనిస్ట్ అయిపోవచ్చనే ప్రకటనలు రోజూ చూస్తుంటాం. నేర్చుకోవడానికి తీసుకుంటే తప్పులేదు. దాన్ని చూపించి పిల్లలకు డైట్ చార్టులు రాస్తే మాత్రం తప్పే. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం స్పోర్ట్స్ న్యూట్రిషనిస్టును ఒక వృత్తిగా గుర్తించింది. ముందు ముందు రిజిస్ట్రేషన్ అడుగుతారు. ఆ లెక్కన ఇప్పుడే గట్టి డిగ్రీ చేతిలో ఉండటం మేలు.

ఉద్యోగాలు విరివిగా ఉన్నాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టడం బాగుండదు. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వంటి చోట్ల పోస్టులు అప్పుడప్పుడూ, అవీ ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో వస్తాయి. చాలామంది ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేస్తూ సాయంత్రం అకాడమీలకు వెళ్లే మార్గం ఎంచుకోవాల్సి వస్తుంది. చిరుతిళ్ల ప్యాకెట్ల వ్యాపారమూ చేయొచ్చు. బేగంబజార్‌లో సరుకు హోల్‌సేల్‌లో దొరుకుతుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 30 మంది పిల్లల హాలుకు వారానికి ఆరు రోజులు ఇస్తే 180 ప్యాకెట్లు. ఒక్కోదానికి ఐదు రూపాయలు మిగిలినా వారానికి 900. బతకడానికి చాలదు, బస్సు పాసుకు, పరీక్ష ఫీజులకు పనికొస్తుంది. మిగిలిపోయిన ప్యాకెట్లు, సరిగ్గా ఆరింటికి చేర్చాల్సిన హైరానా కూడా లెక్కలో వేసుకోండి.

డిగ్రీ పూర్తయ్యేలోగా చేయగలిగిన పని ఒకటుంది. మీకు దగ్గర్లో ఉన్న హాలు కోచ్ దగ్గరికి వెళ్లి నాలుగు వారాలు విరామం గమనించడానికి అనుమతి అడగండి. తల్లిదండ్రుల ఒప్పుకోలూ తీసుకోండి. పిల్లల ఫొటోలు వద్దు, నోట్‌బుక్‌లో పేర్లు వద్దు, సలహాలు అసలే వద్దు. చివరిసారి ఎప్పుడు తిన్నారు, విరామం ఎన్ని నిమిషాలు, చేతులు కడిగారా, సీసాలో నీళ్లు ఎంత తగ్గాయి, డబ్బాలో ఏం పెట్టారు... ఇవి రాయండి. ఏం మిగిలిందో అది మరీ శ్రద్ధగా రాయండి. బాదం రోజూ అలాగే తిరిగి ఇంటికి వెళ్తుంటే, ఆ సంగతి బేగంబజార్‌లో పావుకిలో కట్టించుకున్న అమ్మకు కూడా తెలిసి ఉండదు.